పందెపు పావురాల పెంపకంలో మేత, వ్యాయామం: పరస్పర సంబంధం

వ్యాససంగ్రహం

పందెపు పావురాల పెంపకాన్ని వివరించే రచనలు మేతను ఒక అంశంగా, వ్యాయామాన్ని మరొక అంశంగా విడదీసి చెప్పడం సాధారణం. ఆచరణలో ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు. పెంపకందారు వేసే గింజ పావురానికి ఇంధనం, అదే సమయంలో ఆజ్ఞ. ఆకలి పక్షిని గూటిలోకి దింపుతుంది, ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు దానిని గూటి దాకా చేరుస్తుంది. మొదటిదానికి మేత తగ్గాలి, రెండవదానికి పెరగాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు అవసరాలను మేత కొలత, ఎగిరే వేళల ద్వారా ఎలా సమన్వయిస్తారో శరీరధర్మశాస్త్రం వెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పందెపు పావురం, మేత, వ్యాయామం, కొవ్వు, ఆకలి, వియోగ పద్ధతి, ఈకల మార్పిడి.

1. ప్రవేశిక

కపోతం, పారావతం, పావురం అంటూ సాహిత్యం ఈ పక్షిని పలు పేర్లతో పిలిచింది. శిబి చక్రవర్తి కథలో అది శరణాగతికి ప్రతీక, ప్రణయ కథల్లో సందేశవాహిక. ఆ సందేశాన్ని మోసే పక్షి రోజుకు ఎన్ని గింజలు తినాలి, ఎంతసేపు ఎగరాలి అన్న ప్రశ్న కావ్యప్రపంచానికి అవసరం లేకపోయింది. ఆ జ్ఞానం గూళ్లు కట్టి పెంచేవారి చేతుల్లో, అధికభాగం మౌఖికంగానే నిలిచింది.

పావురాల క్రీడలో రెండు విభిన్న సంప్రదాయాలు ఉన్నాయి. గూటి మీదనే ఆకాశంలో గంటల తరబడి ఎగిరే పావురాలది ఒకటి. హైదరాబాదు పాతబస్తీ మేడల మీద కనిపించే కబూతర్‌బాజీ ఈ కోవకు చెందినది. అక్బరు కొలువులోని ఈ క్రీడకు అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో ప్రత్యేకంగా చోటిచ్చాడు, పావురాలకు వేసే ధాన్యాల ప్రస్తావన కూడా అందులో ఉంది. రెండవది దూరప్రాంతంలో విడిచిన పావురం సొంత గూటికి ఎంత వేగంగా చేరుతుందో కొలిచే పందెం. పందొమ్మిదవ శతాబ్దంలో బెల్జియంలో రూపుదిద్దుకున్న ఈ క్రీడ నేడు చెన్నై, బెంగళూరు నగరాల్లోనూ బలంగా ఉంది. రెండు సంప్రదాయాల పక్షులూ ‘కొలంబా లివియా’ అనే ఒకే జాతికి చెందినవే అయినా, వాటి దినచర్యలు ఒకటి కావు. ఈ వ్యాసం రెండవ సంప్రదాయానికే పరిమితం.

2. ఎగిరే కండరానికి ఇంధనం

పందెపు పావురం బరువు సాధారణంగా 400 నుంచి 500 గ్రాములు. అందులో గణనీయమైన భాగం రొమ్ము కండరాలదే. ఈ కండరాలు ఏ ఇంధనంతో పనిచేస్తాయన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇచ్చిన తొలి పరిశోధనల్లో కొన్ని భారతదేశంలోనే జరిగాయి. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో జె.సి. జార్జ్, ఆయన సహచరులు 1950లలో పావురం రొమ్ము కండరాన్ని సూక్ష్మంగా పరిశీలించారు. అందులో రెండు రకాల పోగులు ఉన్నాయని, సన్నని ఎర్రని పోగులు కొవ్వును, వెడల్పైన తెల్లని పోగులు గ్లైకోజన్‌ను నిల్వ చేసుకుంటాయని వారు చూపించారు. సంఖ్యలో ఎర్రని పోగులదే ఆధిక్యం. గూటి నుంచి ఒక్కసారిగా పైకి లేవడానికి, డేగను తప్పించుకోవడానికి తెల్లని పోగులు పనికివస్తాయి. గంటల తరబడి సాగే ప్రయాణాన్ని మోసేవి ఎర్రని పోగులు. జార్జ్ 1966లో ఎ.జె. బెర్గర్‌తో కలిసి వెలువరించిన ‘ఏవియన్ మయాలజీ’ పక్షి కండరాల అధ్యయనంలో ప్రామాణిక గ్రంథంగా నిలిచింది. పందెపు పావురాల మేత గురించి మాట్లాడేవారు బెల్జియం పేరు తలచినంతగా బరోడా పేరు తలచకపోవడం విచారకరం.

జర్మనీలో వెర్నర్ నాచ్‌టిగాల్ బృందం గాలి సొరంగంలో పావురాలను ఎగిరించి, వాటి శ్వాసను కొలిచి 1987లో ప్రకటించిన ఫలితాలు కూడా ఇదే దిశలో ఉన్నాయి. ఎగరడం మొదలైన కొద్దిసేపు పిండిపదార్థం ఖర్చవుతుంది. ప్రయాణం సాగేకొద్దీ శ్వాస నిష్పత్తి కొవ్వు దహనాన్ని సూచించే విలువకు దగ్గరవుతుంది. ఎగిరే పావురం సెకనుకు సుమారు 30 జౌళ్ల శక్తిని వెచ్చిస్తుందనుకుంటే, గంటకు 108 కిలోజౌళ్లు అవుతుంది. ఒక గ్రాము కొవ్వు దాదాపు 39 కిలోజౌళ్లు ఇస్తుంది. అంటే గంట ప్రయాణానికి ఖర్చయ్యే కొవ్వు మూడు గ్రాములకు కాస్త తక్కువ.

ఈ చిన్న లెక్కను మేతతో పోల్చి చూడాలి. పందెపు పావురం రోజుకు సుమారు 30 గ్రాముల గింజలు తింటుంది. వాటినుంచి దానికి దక్కే శక్తిలో నాలుగో వంతుకు పైగా ఒక్క గంట ప్రయాణానికే సరిపోతుంది. కాబట్టి దూరపు పందెంలో పక్షి ఆనాటి మేతతో ఎగరదు, అంతకుముందు కొన్ని రోజులుగా దాచుకున్న దానితో ఎగురుతుంది. కొవ్వు నీరు లేకుండా నిల్వ ఉంటుంది, గ్లైకోజన్ తన బరువుకు రెండు మూడు రెట్ల నీటిని వెంటబెట్టుకుంటుంది. బరువు మోస్తూ ఎగరవలసిన ప్రాణికి ఈ తేడా చిన్నది కాదు.

3. గింజల ఎంపిక

పావురానికి పళ్లు లేవు, పిత్తాశయం కూడా లేదు. మింగిన గింజ గొంతు కింద ఉన్న మేతసంచిలో నాని, కందనకాయలో నలుగుతుంది. ఆ నలుగుడుకు చిన్న రాళ్లు, సున్నం కోసం ఆల్చిప్పల ముక్కలు మేతతోపాటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పొడి మేత, తవుడు ఈ పక్షికి తగవు. గింజ మొత్తంగా, ఎండి గట్టిగా ఉండాలి.

గింజలను వాటి పనిని బట్టి మూడు తరగతులుగా చూడవచ్చు. మొక్కజొన్న, జొన్న, సజ్జ, గోధుమ, బార్లీ పిండిపదార్థానికి మూలాలు. బఠాణీ, పెసలు, శనగ మాంసకృత్తులను అందిస్తాయి, బఠాణీలో వాటి పాలు సుమారు 22 శాతం. మూడవ తరగతిలో కుసుమలు, వేరుశనగ గుళ్లు, అవిసెలు, ఆవాలు వస్తాయి. వేరుశనగ గుళ్లలో దాదాపు సగం నూనే. ఐరోపాలో మిశ్రమానికి ఆధారం మొక్కజొన్న, బఠాణీ అయితే, దక్కను పీఠభూమిలో జొన్న, సజ్జ సహజంగా ఆ స్థానాన్ని ఆక్రమిస్తాయి. సజ్జలో జొన్న కంటే కొవ్వు ఎక్కువ కావడం, గింజ చిన్నది కావడం పావురానికి అనుకూలం. కుసుమ మన మెట్ట ప్రాంతపు పంటే.

బార్లీకి ఒక ప్రత్యేకత ఉంది. పొట్టుతో కూడిన ఈ గింజను పావురాలు ఇష్టంగా తినవు. మిశ్రమంలో మొదట మొక్కజొన్న, బఠాణీ ఏరుకుని చివరకు బార్లీ దగ్గరికి వస్తాయి. తొట్టిలో బార్లీ మిగలడం మొదలైతే పక్షుల ఆకలి తీరినట్లు లెక్క. అనుభవజ్ఞులు తక్కెడ కంటే ఈ గుర్తునే ఎక్కువగా నమ్ముతారు. ఎగిరిన రోజుకూ, వాన వల్ల గూట్లోనే ఉన్న రోజుకూ పక్షి అవసరం ఒకటి కాదు కనుక, ఆ నమ్మకంలో సహేతుకత ఉంది.

నిల్వ విషయంలో అజాగ్రత్త ప్రాణాంతకం. తేమ తగిలిన వేరుశనగలో, మొక్కజొన్నలో పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిన్న పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చే అవయవం కాలేయమే. తీరప్రాంతపు తేమలో చవకగా దొరికిందని నాసిరకం గుళ్లు కొన్న పెంపకందారు పక్షికి ఇంధనం పోస్తున్నాననుకుంటూ పొయ్యినే ఆర్పేస్తాడు.

4. ఆకలి అనే కళ్లెం

పందెంలో పావురం గూటి కప్పు మీద వాలినంత మాత్రాన ప్రయాణం ముగియదు. అది లోపలికి ప్రవేశించి, కాలి ఉంగరం నమోదైనప్పుడే కాలం ఆగుతుంది. వేగాన్ని నిమిషానికి మీటర్లలో లెక్కిస్తారు. 380 కిలోమీటర్లను 330 నిమిషాల్లో చేరిన పక్షి వేగం 1151 మీటర్లు. అదే పక్షి కప్పు మీద ఐదు నిమిషాలు తచ్చాడితే వేగం 1134కు పడిపోతుంది. కండరం సంపాదించినదాన్ని క్రమశిక్షణ లేమి పోగొడుతుంది. ఆ క్రమశిక్షణ నేర్పడానికి పెంపకందారు చేతిలో ఉన్న సాధనం ఆకలి.

శిక్షణ పిల్ల దశలోనే మొదలవుతుంది. పొదిగిన 17, 18 రోజులకు పిల్ల బయటికి వస్తుంది. తొలి దినాల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ మేతసంచిలో ఊరే పాలవంటి పదార్థంతో దాన్ని పోషిస్తాయి. నాలుగు వారాలకు పిల్లను వేరుచేస్తారు. అప్పటినుంచి మేత వేసే ప్రతిసారీ ఒకే ఈల లేదా గింజల డబ్బా చప్పుడు వినిపిస్తారు. పిల్లలను బయటికి వదిలేది ఎప్పుడూ మేతకు ముందే, కడుపు నిండాక వదలరు. మొదట కప్పు మీద కూర్చుని పరిసరాలను చూస్తాయి, తరువాత గూటి చుట్టూ తిరుగుతాయి, కొన్ని వారాలకు గుంపుగా చూపుమేర దాటి అరగంట, గంట తరువాత తిరిగివస్తాయి. ఆ దశ వచ్చాకనే బుట్టలో తీసుకెళ్లి 5, 10, 20, 40 కిలోమీటర్ల దూరాల నుంచి వదులుతారు. ప్రతి రాకకూ గుప్పెడు గింజలు ఎదురుచూస్తూ ఉండాలి.

మేతకు ఉన్న ఈ ఆజ్ఞాశక్తికి పందేల వెలుపల ఒక నిదర్శనం ఉంది. ఒడిశా పోలీసు శాఖ 1946లో సైన్యం నుంచి అందిన 200 పావురాలతో సందేశసేవను ఆంధ్ర సరిహద్దున ఉన్న కోరాపుట్ జిల్లాలో ప్రారంభించింది. అందులో ‘బూమరాంగ్’ అనే విభాగపు పక్షులు సందేశం తీసుకెళ్లి, జవాబుతో తిరిగివచ్చేవి. మామూలుగా పావురం ఒకే దిశలో, అంటే గూటి వైపే ఎగురుతుంది. రెండు దిశల్లో ఎగిరించడానికి సూత్రం ఒక్కటే: గూడు ఒకచోట, మేత మరొకచోట. ఇంటి మీది మమకారం ఒక వైపు లాగితే, ఆకలి రెండో వైపు లాగుతుంది.

అయితే ఈ కళ్లెం బిగించడానికి హద్దు ఉంది. కడుపు మాడ్చిన పక్షి ఈలకు వెంటనే దిగుతుంది, కానీ దాని ఒంట్లో కొవ్వు ఉండదు. అటువంటి పక్షిని దూరం పంపితే శరీరం కండరాన్నే కరిగించుకుంటుంది. తిరిగి రాని పావురాలన్నీ డేగల పాలయ్యాయని చెప్పుకోవడం పెంపకందార్లకు అలవాటు. వాటిలో కొన్నింటిని గూటి దగ్గరి తొట్టే దారి తప్పించి ఉంటుంది. పెంచే జంతువుకు చాలినంత మేత, నీరు ఇవ్వకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా. శిక్షణకు కావలసిన ఆకలి అంటే మేత వేళకు కలిగే సహజమైన ఆకలి మాత్రమే. రోజు మొత్తం కొలత తగ్గదు, అది ఎగిరిన తరువాతకు జరుగుతుంది, అంతే.

5. పందెపు వారం

ఇంధనానికీ ఆకలికీ మధ్య వైరుధ్యాన్ని బెల్జియం, నెదర్లాండ్స్ పెంపకందార్లు కాలాన్ని విభజించి పరిష్కరించారు. వారం మొదట తేలిక మేత, చివర బరువు మేత. ఆదివారం పందెం ముగిసి వచ్చిన పక్షికి ముందుగా నీరు, తరువాత చిన్న గింజలు ఇస్తారు. మరుసటి రోజు బార్లీ పాలు ఎక్కువ, ఎగరడం స్వల్పం. స్నానానికి వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెడతారు. దెబ్బతిన్న కండరపు మరమ్మతుకు మాంసకృత్తులు కావాలి కనుక, బఠాణీని పూర్తిగా మానేయడం సరికాదు. వారం మధ్యలో మామూలు మిశ్రమం, ఉదయం సాయంత్రం ఎగరడం. చివరి రెండు మూడు రోజుల్లో మొక్కజొన్న, కుసుమ పెరుగుతాయి, వేరుశనగ గుళ్లను పక్షికి నాలుగైదు చొప్పున లెక్కపెట్టి వేస్తారు. ఎగరడం తగ్గుతుంది. మేత పెరిగి పని తగ్గిన ఆ రోజుల్లోనే కొవ్వు నిల్వ చేరుతుంది. దూరం పెరిగితే ఈ నింపుడు ఇంకా ముందే మొదలవుతుంది. బార్సిలోనా నుంచి బెల్జియానికి జరిగే అంతర్జాతీయ పందెం సుమారు వెయ్యి కిలోమీటర్లది. దానికి వెళ్లే పక్షికి మూడు రోజుల నింపుడు చాలదు.

బుట్టకెక్కించే వేళకు మేతసంచి ఖాళీ అయ్యేలా చివరి మేత కొన్ని గంటల ముందే పూర్తి కావాలి. నిండిన సంచి ఎగిరేటప్పుడు మోయవలసిన బరువే తప్ప ఇంధనం కాదు.

వ్యాయామానికి ప్రేరణ ఆకలి ఒక్కటే కాదు. మగ పావురాన్ని జతకట్టించి, అది గుడ్లు పొదుగుతున్న దశలో ఆడపక్షిని వేరుచేసి, పందెం కాలమంతా విడిగా ఉంచే పద్ధతిని బెల్జియంలో వైధవ్యం అనే అర్థం గల మాటతో పిలుస్తారు. జంట బతికే ఉండగా కలిగే ఎడబాటు కనుక తెలుగులో వియోగ పద్ధతి అనడమే సబబు. మగపక్షులు రోజుకు రెండుసార్లు, దాదాపు గంట చొప్పున ఎగురుతాయి. పందేనికి పంపే ముందు కొద్ది నిమిషాలు జంటను చూపిస్తారు. తిరిగివస్తే గూట్లో ఆడపక్షి ఉంటుంది. ఇక్కడ గూటిలోకి దింపే పనిని ఆకలికి బదులు అనురాగం చేస్తుంది. అందువల్ల పక్షిని నిండుగా మేపడానికి వీలు కలుగుతుంది. వియోగ పద్ధతి విజయానికి విరహమే కారణమని పలువురు భావిస్తారు. ఆకలి కళ్లెం సడలించి కూడా పక్షిని అదుపులో ఉంచగలగడం అంతకన్నా ముఖ్యమైన కారణంగా కనిపిస్తుంది. ఈ పద్ధతిలోనూ అతి చేటే. ఎగరడం తగ్గిన వారంలో అదే కొలత వేస్తే మగపక్షులు బరువెక్కి, కప్పు దాటి పోవడానికే బద్ధకిస్తాయి.

6. దక్షిణాది ఎండ

ఐరోపా పట్టికను చెన్నైలో యథాతథంగా అనుసరించడం ప్రమాదం. అక్కడి పందేల్లో పక్షులను ఎక్కువగా ఉత్తరాన, రైలు మార్గం వెంబడి ఉన్న ఊళ్ల నుంచి వదులుతారు. గగనరేఖ మీద ఒంగోలు సుమారు 270, విజయవాడ 380, నాగపూర్ 900 కిలోమీటర్లు. గంటకు 70 కిలోమీటర్ల వేగం నిలిస్తే విజయవాడ నుంచి ఐదున్నర గంటలు, నాగపూర్ నుంచి పదమూడు గంటలు పడుతుంది. పై లెక్క ప్రకారం మొదటిదానికి సుమారు 15 గ్రాముల కొవ్వు, రెండవదానికి 36 గ్రాములు కావాలి. 450 గ్రాముల పక్షి ఒంట్లో 36 గ్రాములు అంటే పన్నెండో వంతుకు దగ్గర. ఒంగోలుకు పంపే పక్షికి అంత కొవ్వు ఎక్కిస్తే అది భారం. నాగపూర్‌కు అంతకంటే తక్కువతో పంపితే పగటివెలుతురు ముగిసేలోగా అది చేరదు.

కొవ్వు కంటే ముందు తరిగిపోయేది నీరు. పావురానికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడం ద్వారా, చర్మం నుంచి ఆవిరి రూపంలో అది వేడిని వదిలించుకుంటుంది. ఒక గ్రాము కొవ్వు మండితే ఒంట్లో దాదాపు అంతే నీరు పుడుతుంది, చల్లని వాతావరణంలో ఆ నీరు లోటును చాలావరకు పూడుస్తుంది. తెలంగాణ, విదర్భ ప్రాంతాల మీదుగా ఏప్రిల్ ఎండలో ఎగిరే పక్షికి అది ఏ మూలకూ రాదు. నీటికోసం పొలాల్లో, చెరువుల దగ్గర దిగవలసి వస్తుంది. అక్కడ కలుషిత నీరు, పిల్లులు, వలలు పొంచి ఉంటాయి. అందుకే దక్షిణాదిలో దూరపు పందేలు ఎండలు ముదిరేలోగా పూర్తి కావడం ముఖ్యం.

వ్యాయామపు వేళ కూడా దీన్నిబట్టే మారాలి. గూటి చుట్టూ ఎగిరించడం సూర్యోదయానికి దగ్గరగా జరగాలి, సాయంత్రపు విడత ఎండ పూర్తిగా తగ్గాక మొదలవాలి. పావురం ముక్కును నీటిలో ముంచి పీల్చి తాగుతుంది కనుక పాత్ర లోతుగా ఉండాలి. మామూలు రోజుల్లో 30 నుంచి 60 మిల్లీలీటర్లు తాగే పక్షి వేసవిలో అంతకు రెట్టింపు తాగవచ్చు. బుట్టలో నీరు తాగడం ముందే అలవాటు కాని పిల్ల పక్షి రైలు ప్రయాణంలో ఎదుట నీరున్నా తాగకుండా దాహంతో ఉండిపోతుంది. ఇంట్లోనే ఒక రాత్రి బుట్టలో ఉంచి, దానికి బిగించిన పాత్రలో నీరు తాగించడం శిక్షణలో భాగం కావలసింది ఇందుకే.

7. చేతికి తెలిసేది, ఈకలో మిగిలేది

మేత, ఎగరడం సరిపోలాయో లేదో తెలుసుకోవడానికి రోజూ తూచనవసరం లేదు. చేతిలోకి తీసుకున్న పక్షి కంటికి పెద్దదిగా కనిపిస్తూ, బరువుకు తేలికగా అనిపించాలి. రొమ్ము ఎముక అంచు కత్తిలా తగిలితే మేత చాలలేదని, అసలు తగలకపోతే ఎగరడం చాలలేదని అర్థం. ఈకలు పక్కకు తొలగించి చూస్తే రొమ్ము చర్మం పొట్టు లేకుండా గులాబి రంగులో ఉండాలి. ముక్కు మీది కండ సుద్దలా తెల్లగా, రెట్ట గట్టిగా, చిన్న తెల్లని కొసతో ఉండాలి. ఉదయాన గూటి నేల మీద నూగు ఈకలు రాలి కనిపించడం కూడా మంచి సూచనే. పచ్చని పలుచని రెట్ట కనిపించిన పక్షిని, పందెం ఎంత ముఖ్యమైనదైనా, బుట్టకెక్కించకూడదు.

పందేలు ముగిశాక ఈకల మార్పిడి వస్తుంది. రెక్కలోని పది పెద్ద ఈకలు లోపలి వైపు నుంచి ఒక్కొక్కటిగా రాలి, కొత్తవి వస్తాయి. ఈక దాదాపు పూర్తిగా మాంసకృత్తే. అందులో గంధకం గల ఆమ్లాల పాలు ఎక్కువ. ఈ నెలల్లో బలవంతంగా ఎగిరించరు, ఆకలి శిక్షణ ఆపేస్తారు, బఠాణీ, పెసలు, అవిసెలు పెంచుతారు. పందెపు వారాల్లో గింజలను లెక్కపెట్టి వేసే పెంపకందార్లు ఈ కాలంలో పక్షులను పట్టించుకోకపోవడం తరచూ జరిగేదే. పందెం లేదు కనుక ఏ గింజైనా చాలుననుకుంటారు. పెరుగుతున్న ఈక ఆ రోజులను నమోదు చేస్తుంది. మేత అందని రోజున, జబ్బు పడిన రోజున ఏర్పడిన భాగం పలుచబడి, ఈకకు అడ్డంగా సన్నని గీతగా నిలిచిపోతుంది. మరుసటి ఏడాది నాగపూర్ దారిలో రెక్క ఈక విరిగితే, ఆ గీత దగ్గరే విరుగుతుంది.